బీరు క్రేట్ల మీద మూడు సింథ్‌లు: డెపెష్ మోడ్ ధ్వనికి చిన్న పబ్బు నేర్పింది ఏమిటి?

1980 చివర్లో ఒక సాయంత్రం. తూర్పు లండన్‌లోని కానింగ్ టౌన్‌లో బ్రిడ్జ్ హౌస్ అనే పబ్బు. రాక్ బ్యాండ్లకు పేరున్న చోటు అది. ఐరన్ మెయిడెన్ కూడా పేరు రాకముందు అక్కడ వాయించింది. ఆ రోజు ప్రధాన కచేరీ ఫ్యాడ్ గాడ్జెట్ పేరుతో పాడే ఫ్రాంక్ టోవీది. అతనికంటే ముందు నలుగురు కుర్రాళ్లు వేదిక ఎక్కారు. డ్రమ్స్ లేవు, గిటార్లు లేవు. బీరు క్రేట్లు పేర్చి, వాటి మీద మూడు చిన్న సింథసైజర్లు పెట్టుకున్నారు. పొట్టిగా సింథ్ అనే ఈ వాయిద్యం, మెట్టు నొక్కితే కరెంటుతో ధ్వనిని పుట్టిస్తుంది. పాడే కుర్రాడు మైకు దగ్గర దాదాపు కదలకుండా నిలబడ్డాడు. సొంతంగా చేసుకున్న ఒక లైటు పెట్టె కింది నుంచి అతని ముఖం మీదికి వెలుతురు కొడుతోంది.

వాళ్లది ఎసెక్స్ కౌంటీలోని బాసిల్డన్. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత లండన్ జనాన్ని తరలించడానికి కట్టిన కొత్త పట్టణం. నలుగురిలో పెద్దవాడు విన్స్ క్లార్క్‌కు 20 ఏళ్లు, చిన్నవాడు గాయకుడు డేవ్ గాన్‌కు 18. మార్టిన్ గోర్ బ్యాంకులో, ఆండీ ఫ్లెచర్ ఇన్సూరెన్సు ఆఫీసులో ఉద్యోగం చేసుకుంటూ, పని అయ్యాక కచేరీలకు వెళ్లేవాళ్లు. ఒక ఫ్రెంచ్ ఫ్యాషన్ పత్రిక పేరు చూసి బ్యాండ్‌కు డెపెష్ మోడ్ అని పెట్టుకుని అప్పటికి కొన్ని నెలలే.

ఆ సాయంత్రం పబ్బులో మ్యూట్ రికార్డ్స్ యజమాని డేనియల్ మిల్లర్ ఉన్నాడు. ఫ్యాడ్ గాడ్జెట్ అతని కంపెనీ కళాకారుడు కాబట్టి ఆ పని మీద వచ్చాడు. నిజానికి ఈ కుర్రాళ్లు అంతకుముందే రఫ్ ట్రేడ్ అనే రికార్డుల దుకాణంలో, తమ పాటల నమూనా (డెమో) టేపు పట్టుకుని అతనికి ఎదురుపడ్డారు. వేరే చికాకులో ఉన్న మిల్లర్ అప్పుడు పట్టించుకోలేదు. పబ్బులో మాత్రం కదల్లేకపోయాడు. తర్వాత ఆయన ఇంటర్వ్యూల్లో చెప్పినదాని సారం ఇది: మొదటి పాట చాలా బాగుంది, వీళ్ల దగ్గర ఉన్న ఒక్క మంచి పాటా ముందే వాయించేసి ఉంటారని అనుకున్నాడు, రెండోదీ అలాగే ఉంది, మూడోదీ అలాగే ఉంది. కచేరీ అయ్యాక వెళ్లి మాట్లాడాడు. 1981 ఫిబ్రవరిలో మ్యూట్ నుంచి వాళ్ల మొదటి సింగిల్ వచ్చింది. కొన్నేళ్ల పాటు వాళ్ల మధ్య రాతపూర్వకమైన ఒప్పందం కూడా లేదు, చేతులు కలుపుకున్న మాటే ఒప్పందం.

ఇందులో ఇంకో ముచ్చట ఉంది. మిల్లర్ అంతకుముందే సిలికాన్ టీన్స్ పేరుతో అసలు లేని ఒక బ్యాండ్‌ను సృష్టించాడు. టీనేజీ పిల్లలు గిటార్ల జోలికి పోకుండా సింథ్‌లతోనే పాప్ పాటలు వాయిస్తే ఎలా ఉంటుందన్నది అతని ఊహ. స్టూడియోలో తనే అన్నీ వాయించి 1980లో ఆల్బమ్ కూడా విడుదల చేశాడు. ఆ ఊహ నలుగురు మనుషులై కానింగ్ టౌన్‌లో ఎదురుగా నిలబడితే అతనికి ఎలా అనిపించి ఉంటుందో ఊహించుకోవచ్చు.

సింథ్‌లతో వాయించే పాప్, అంటే సింథ్‌పాప్, స్టూడియో సంగీతమని, వేదిక మీద దానికి ప్రాణం ఉండదని ఒక అభిప్రాయం చాలాకాలంగా ఉంది. డెపెష్ మోడ్ తొలి కచేరీలను కాస్త దగ్గరగా చూస్తే అది తప్పని తెలుస్తుంది. ఆ పాటల ఆకారాన్ని నిర్ణయించింది స్టూడియో కాదు. చవక వాయిద్యాలు, ఇరుకు వేదిక, వేడెక్కిన గది, పక్కనే నిలబడిన జనం: ఇవన్నీ కలిసి నిర్ణయించాయి.

ముందు వాయిద్యాల సంగతి. గోర్ దగ్గర ఉన్నది యమహా సీఎస్-5, ఫ్లెచర్ దగ్గర మూగ్ ప్రాడిజీ, క్లార్క్ దగ్గర కవాయ్ 100ఎఫ్ఎస్. మూడూ అప్పట్లో కుర్రాళ్లు కూడబెట్టి కొనుక్కోగలిగే రకాలు. మూడింటిదీ ఒకటే పరిమితి: ఒక్కసారికి ఒక్క స్వరమే పలుకుతుంది. హార్మోనియం మీద మూడు మెట్లు కలిపి నొక్కితే మూడూ మోగుతాయి. ఈ సింథ్‌ల మీద మూడు నొక్కినా ఒక్కటే వినిపిస్తుంది. చూడటానికి పియానోలా ఉన్నా, పలకడంలో వేణువుకు చుట్టం అన్నమాట.

ఈ పరిమితి వల్ల ఏం జరుగుతుందో ఆలోచించాలి. గిటార్ పట్టుకున్నవాడు ఒక్క మీటుతో ఆరు తీగలు మోగించి పాట కింద ఒక దుప్పటి పరిచేస్తాడు. గాయకుడికి ఆసరా దొరుకుతుంది, మిగతావాళ్లు కాస్త తప్పినా కప్పేస్తుంది. ముగ్గురి దగ్గరా కలిపి మూడే స్వరాలున్నప్పుడు అలాంటి దుప్పటి లేదు. ముగ్గురూ కలిసి ఒక కార్డ్ (కలిసి మోగే స్వరాల గుంపు) పట్టుకుని నిలబడితే పాట నిలిచిపోతుంది. కాబట్టి ఎవరి వరస వాళ్లకు ఉండాలి. కింద బేస్ వరస, మధ్యలో తిరిగి తిరిగి వచ్చే చిన్న స్వరాల ముక్క, పైన పాట పల్లవికి జవాబు చెప్పే మెలడీ. మూడూ ఒకదాన్నొకటి తొక్కకుండా, ఒకటి ఆగినచోట ఇంకొకటి పలకాలి. తొలి డెపెష్ మోడ్ పాటల్లో ప్రతి వాయిద్యం వరసనూ విడిగా కూనిరాగం తీయగలగడానికి కారణం ఇదే. స్టూడియోలో కూర్చుని సరళంగా ఉంచుదామని తీసుకున్న నిర్ణయం కాదు. మూడు సింథ్‌లు, ఆరు చేతులు, మూడు స్వరాలు అనే లెక్కలోంచి వచ్చింది.

ఆ సింథ్‌లకు జ్ఞాపకశక్తి కూడా లేదు. ఇవాళ కీబోర్డు వాయించేవాళ్లు బటన్ నొక్కితే వీణ, ఇంకో బటన్ నొక్కితే ట్రంపెట్ వస్తుంది. అమర్చిన ధ్వనులను గుర్తుపెట్టుకునే ప్రాఫెట్-5 లాంటి సింథ్‌లు 1978 నుంచే ఉన్నాయి కానీ వాటి ధర పబ్బుల్లో వాయించే కుర్రాళ్లకు అందేది కాదు. ప్రాడిజీ లాంటి దానిలో ధ్వని అంటే ఆ క్షణంలో నాబ్‌లు ఏ స్థితిలో ఉన్నాయో అదే. పాట మారితే ధ్వనిని పదునుగానో మొద్దుగానో చేసే ఫిల్టర్ నాబ్ ఇంత తిప్పాలి, స్వరాన్ని పుట్టించే ఆసిలేటర్ స్థాయి మార్చాలి, స్వరం ఎంత త్వరగా మొదలై ఎంత నెమ్మదిగా చావాలో మళ్లీ సరిచేయాలి. అదీ మసక వెలుతురులో, పాటకూ పాటకూ మధ్య దొరికే కొన్ని క్షణాల్లో. పెద్ద హాలులో ఆ విరామం చప్పట్లలో కలిసిపోతుంది. ముప్పై నలభై మంది ఉన్న పబ్బులో చప్పట్లు తొందరగా అయిపోతాయి, తర్వాత నిశ్శబ్దం వినిపిస్తుంది. అందుకే నాబ్‌ను ఎంత తక్కువ కదిపితే అంత మంచిది. ఒకే ధ్వనిని రెండు మూడు పాటల్లో వాడుకోవడం, పాట మధ్యలో ధ్వని మార్చకుండా ఉండటం అలా అలవాటవుతాయి.

ఇక వేడి. ఈ తరహా అనలాగ్ సింథ్‌లలో మెట్టు నొక్కినప్పుడు ఒక వోల్టేజీ పుడుతుంది, ఆ వోల్టేజీని బట్టి ఆసిలేటర్ శ్రుతి మారుతుంది. చాలా కంపెనీలు పాటించిన పద్ధతిలో ఒక వోల్టు పెరిగితే శ్రుతి సరిగ్గా ఒక స్థాయి (స నుంచి పై స వరకు, పన్నెండు మెట్లు) పైకి వెళుతుంది. అంటే పక్కపక్క మెట్ల మధ్య తేడా వోల్టులో పన్నెండో వంతు, సుమారు 83 మిల్లీవోల్టులు. ఆ వోల్టేజీని ఫ్రీక్వెన్సీగా మార్చే ట్రాన్సిస్టర్లు ఉష్ణోగ్రతకు స్పందిస్తాయి. దిద్దుబాటు ఏర్పాటు లేని సర్క్యూట్‌లో గది వేడి ఒక డిగ్రీ సెల్సియస్ పెరిగితే ఆ మార్పిడిలో దాదాపు 0.3 శాతం తేడా వస్తుంది. వినడానికి చిన్న సంఖ్య. కానీ మూడు స్థాయిల మీద చూస్తే ఒక్క డిగ్రీకే అరస్వరంలో, అంటే పక్కపక్క మెట్ల మధ్య తేడాలో, పదో వంతు దాటుతుంది. ఖాళీ పబ్బులో సాయంత్రం శ్రుతి చేసుకున్న సింథ్, జనం నిండి గది పది డిగ్రీలు వేడెక్కాక ఎక్కడ ఉంటుందో లెక్క వేసుకోవచ్చు. కంపెనీలు ఈ తేడాను సర్దడానికి ఉష్ణోగ్రతను బట్టి మారే రెసిస్టర్లు పెట్టేవి. అయినా చవక సింథ్‌లు పూర్తిగా కుదురుగా ఉండేవి కావు. వాయించేవాడి చెవి ఎప్పుడూ పని చేస్తూనే ఉండాలి, ఒక వేలు ట్యూనింగ్ నాబ్‌కు దగ్గర్లో ఉండాలి.

ఇందులో ఒక అందం కూడా ఉంది. ప్రాడిజీలో ఆసిలేటర్లు రెండు. రెండింటినీ ఒకే స్వరానికి పెట్టి, ఒకదాన్ని వెంట్రుకవాసి పక్కకు జరిపితే ధ్వని చిక్కబడుతుంది, నెమ్మదిగా ఊగుతుంది. తంబురా తీగలు కలిసి మోగేటప్పుడు వచ్చే ఆ సన్నని కదలిక లాంటిదే. యంత్రం కచ్చితత్వమే సింథ్‌పాప్ అందమని చాలామంది అనుకుంటారు. చెవికి వెచ్చగా తగిలింది మాత్రం ఈ కాస్తంత అకచ్చితమే.

తాళం వేసే పని బాస్ డీఆర్-55 అనే చిన్న డ్రమ్ మెషీన్‌ది. అరచేతికి కొంచెం పెద్దది, బ్యాటరీలతో నడుస్తుంది. బేస్ డ్రమ్, స్నేర్, రిమ్‌షాట్, హై-హ్యాట్ అనే నాలుగు ధ్వనులు మాత్రమే. పదహారు మెట్ల నమూనాలు రాసి పెట్టుకోవచ్చు. వేగం ఒక నాబ్‌తో మార్చాలి. అసలు డ్రమ్ సెట్‌తో పోలిస్తే దీని ధ్వని పెట్టెలో మేకు కొట్టినట్టు ఉంటుంది.

అయితే చిన్న పబ్బులో ఈ బలహీనతే పెద్ద మేలు చేసింది. ఇరుకు గదిలో డ్రమ్మర్ మామూలుగా వాయించినా మిగతావాళ్లంతా దానికి తగ్గట్టు శబ్దం పెంచుకోవాలి. గిటార్ పెరుగుతుంది, బేస్ పెరుగుతుంది, చివరికి గాయకుడు అరవాలి. రాక్ గాయకుల గొంతు తీరులో కొంత భాగం ఈ పోటీ నుంచే వచ్చింది. డ్రమ్ మెషీన్ శబ్దాన్ని మాత్రం అన్ని వాయిద్యాల శబ్దాన్నీ సర్దే మిక్సర్ మీద ఒక్క వేలితో తగ్గించవచ్చు. గాన్ అరవకుండా పాడగలిగాడు. గోర్ సన్నని గొంతు దాని పైన ఆనించగలిగాడు. పబ్బులో సింథ్‌పాప్ పాటకు మాటలు స్పష్టంగా వినిపించే అవకాశం దక్కింది ఇక్కడే.

దానికి వేరే ఖరీదు ఉంది. మెషీన్ ఎవరికోసం ఆగదు. మన కచేరీల్లో గాయకుడు ఆవర్తనంలో ఒక అక్షరం అటూ ఇటూ అయితే మృదంగ విద్వాంసుడు పసిగట్టి సర్దేస్తాడు, సభలో సగం మందికి తెలియను కూడా తెలియదు. డీఆర్-55కు ఆ దయ లేదు. ఒకడు తప్పితే అతనే పరుగెత్తి మళ్లీ తాళం అందుకోవాలి. అందుకోవాలంటే ముందు తాళం వినపడాలి. డ్రమ్మర్ అయితే వెనకాలే కొడుతుంటాడు, వద్దన్నా వినిపిస్తాడు. మెషీన్ శబ్దం వైరు గుండా మిక్సర్‌లోకి వెళ్లి, జనం వైపు తిరిగి ఉన్న స్పీకర్లలోంచి బయటికి పోతుంది. వేదిక మీది మానిటర్ స్పీకర్ సరిగ్గా లేకపోతే వాయించేవాళ్లు తమ తాళాన్ని గోడకు తగిలి తిరిగొచ్చాక వింటారు. ఈ టెన్షన్ బయటికి కనిపించదు. నలుగురు కుర్రాళ్లు కదలకుండా, తలలు వంచుకుని, ముభావంగా నిలబడటం ఫ్యాషన్ అని చూసేవాళ్లు అనుకుని ఉండవచ్చు. అందులో కనీసం సగం శ్రద్ధగా వినడమే.

ఇదే వైరు కథ మొత్తం బ్యాండ్‌కూ వర్తిస్తుంది. సింథ్‌లకు ఒక్కొక్కదానికి భారీ ఆంప్లిఫయర్ అక్కర్లేదు, నేరుగా పబ్బు మిక్సర్‌కు తగిలించవచ్చు. వ్యాను అక్కర్లేదు, సామాను మోసే మనుషులు అక్కర్లేదు. సింథ్‌ను చంకన పెట్టుకుని రైలెక్కడమే. 1981లో వాళ్ల రెండో సింగిల్ చార్టుల్లోకి వెళ్లి, బీబీసీ టాప్ ఆఫ్ ది పాప్స్ కార్యక్రమానికి పిలుపు వచ్చినప్పుడు కూడా సింథ్‌లు పట్టుకుని రైల్లోనే వెళ్లారు. పబ్బులో ఇచ్చే కొద్దిపాటి డబ్బుతో వ్యాను అద్దె కట్టే బ్యాండ్‌కు, రైలు టికెట్‌తో సరిపెట్టుకునే బ్యాండ్‌కు మధ్య తేడా చిన్నది కాదు. ఉద్యోగాలు చేసుకుంటూ వారం మధ్యలో కచేరీలు చేయగలగడం దీనివల్లే సాధ్యమైంది.

గది ధ్వనిని ఎలా మింగుతుందో, ఎలా ఉబ్బిస్తుందో కూడా చూడాలి. సింథ్ బేస్ స్వరం నిలకడగా, ఒకే ఫ్రీక్వెన్సీ మీద నిలబడుతుంది. ఉదాహరణకు ఏడు మీటర్ల పొడవున్న గది అనుకుందాం. 49 హెర్ట్జ్ దగ్గర ధ్వని తరంగం పొడవు కూడా సుమారు ఏడు మీటర్లే. ఆ స్వరం పట్టి ఉంచితే ఎదురెదురు గోడల మధ్య తరంగం నిలిచిపోతుంది. గోడకు ఆనుకున్నవాడికీ, సరిగ్గా గది మధ్యలో ఉన్నవాడికీ గుండె అదిరేలా వినిపిస్తుంది. గోడ నుంచి పావు వంతు దూరంలో ఉన్నవాడికి ఆ స్వరం దాదాపు మాయమవుతుంది. ఒకే పాట, ఒకే గది, పక్కపక్క బల్లల వాళ్లు వేరువేరు బేస్ వింటారు. దీనికి విరుగుడు మిక్సర్‌లో అంతగా లేదు, పాట రాసిన తీరులోనే ఉంది. బేస్ వరస ఒకేచోట నిలబడకుండా పొట్టి స్వరాలతో గంతులేస్తూ పోతే ఏ స్వరమూ గదిలో పేరుకుపోయేంత సమయం ఉండదు. విన్స్ క్లార్క్ బేస్ వరసలు చాలావరకు అలాంటివే: పొట్టివి, చురుకైనవి, ఎప్పుడూ కదిలేవి. ఆయన ఈ లెక్క వేసుకుని రాశాడని చెప్పడానికి ఆధారం లేదు. పబ్బుల్లో నెలల తరబడి వాయించినవాడి చెవికి ఏది పనిచేస్తుందో, ఏది బురదగా మారుతుందో అనుభవం మీద తెలిసిపోతుంది, అంతే.

సింథ్ కచేరీలకు అందరూ చెప్పే లోపం, చూడటానికి ఏమీ లేదని. గిటార్ వాయించేవాడు ఊగుతాడు, డ్రమ్మర్ చెమటలు కక్కుతాడు, సింథ్ వాయించేవాడు టైపిస్టులా నిలబడతాడు. షెఫీల్డ్ బ్యాండ్ హ్యూమన్ లీగ్ దీనికి స్లైడ్ ప్రొజెక్టర్లతో జవాబిచ్చింది. ఏడ్రియన్ రైట్ అనే సభ్యుడి పని వాయించడం కాదు, వెనక తెర మీద బొమ్మలు మార్చడం. డెపెష్ మోడ్ దగ్గర ప్రొజెక్టర్లు లేవు, ఒక లైటు పెట్టె ఉంది. కానీ వాళ్లకు పబ్బే ఒక సదుపాయం ఇచ్చింది. వేదికకూ జనానికీ మధ్య రెండు మూడు అడుగులే. ఎవరి వేలు ఏ మెట్టు నొక్కితే ఏ ధ్వని వస్తోందో చూస్తూ వినవచ్చు. ఒక స్వరం ఒక వేలిదే కాబట్టి కళ్లకూ చెవులకూ లెక్క సరిపోతుంది. పెద్ద హాలులో వెనక వరుసలో కూర్చున్నవాడికి ఆ లెక్క అందదు, అక్కడి నుంచే ‘అసలు వాయిస్తున్నారా’ అనే అనుమానం మొదలవుతుంది.

ఆ అనుమానం ఆ రోజుల్లో కొద్దిమందిది కాదు. 1982లో బ్రిటన్ మ్యుజీషియన్స్ యూనియన్ సెంట్రల్ లండన్ శాఖ సింథసైజర్లను, డ్రమ్ మెషీన్లను నియంత్రించాలంటూ తీర్మానం చేసింది. అమెరికన్ గాయకుడు బ్యారీ మనిలో కచేరీ యాత్రలో ఆర్కెస్ట్రా వాద్యకారుల బదులు సింథ్‌లు వాడటం దానికి తక్షణ కారణం. యూనియన్ మొత్తంగా ఆ తీర్మానాన్ని విధానంగా తీసుకోలేదు. ఉపాధి పోతుందన్న వాద్యకారుల భయం నిజమైనదే, దాన్ని కొట్టిపారేయకూడదు. కానీ పబ్బులో వాయించే నలుగురు కుర్రాళ్లకు ఆ వాదన వర్తించదు. వాళ్లు ఏ వయొలిన్ విద్వాంసుడి ఉద్యోగాన్నీ తీసుకోలేదు. మన దగ్గర ఎలక్ట్రానిక్ శ్రుతి పెట్టె వేదిక మీద మోగుతుంటే కచేరీ కచేరీ కాదని ఎవరూ అనరు, దాని మీద పాడేది మనిషి కాబట్టి. బ్రిడ్జ్ హౌస్‌లో యంత్రం దానంతటది చేసిన పని తాళం ఒక్కటే. మిగతా ప్రతి స్వరమూ చేత్తో వాయించిందే. పెళ్లి ఆర్కెస్ట్రాల్లో కీబోర్డు, ప్యాడ్స్ వాయించేవాళ్లను దగ్గర నుంచి చూసిన తెలుగువాళ్లకు ఈ తేడా విడమరచి చెప్పనక్కర్లేదు. చేత్తో ప్యాడ్ కొట్టడం వేరు, ట్రాక్ పెట్టి దాని మీద పాడటం వేరు.

మొదటి ఆల్బమ్ 1981లో సౌత్‌వార్క్‌లోని బ్లాక్‌వింగ్ స్టూడియోలో తయారైంది. పాత చర్చి భవనంలో ఉన్న స్టూడియో అది. అక్కడ మిల్లర్ తన ఏఆర్‌పీ 2600 సింథ్‌ను, ముందే అమర్చిన స్వరాలను దానంతటదే వాయించే సీక్వెన్సర్‌ను తెచ్చాడు. పబ్బులో చేత్తో వాయించిన వరసలను ఇప్పుడు సీక్వెన్సర్ తప్పు లేకుండా వాయించసాగింది. ధ్వని గొప్పగా వచ్చింది. అయితే ఆ ధ్వనిని వేదిక మీద మళ్లీ ఎలా తేవాలన్న చిక్కు కూడా అప్పుడే మొదలైంది. అంటే మామూలుగా అనుకునే క్రమం ఇక్కడ తిరగబడింది. స్టూడియో పాటను వేదికకు కుదించలేదు. వేదిక మీద తయారైన పాటను స్టూడియో పెంచింది, పెరిగాక అది పాత వేదికలో పట్టలేదు.

1981 చివర్లో క్లార్క్ బ్యాండ్ వదిలేశాడు. పాటలు రాసే బాధ్యత గోర్ మీద పడింది. 1982 మొదట్లో అలన్ వైల్డర్ కచేరీల కోసం చేరాడు. హాళ్లు పెద్దవయ్యాయి. పెద్ద హాలులో డీఆర్-55 చాలదు, స్టూడియోలో చెక్కిన తాళం కావాలి. దాన్ని నాలుగు ట్రాకుల రీల్ టేపు మీద ఎక్కించి, టేపుతో కలిసి వాయించడం మొదలుపెట్టారు. టేపు మొదలయ్యాక పాట పొడవు ఖాయం. జనం ఊగిపోతున్నా చరణం ఇంకోసారి తిప్పడం కుదరదు. 1988 జూన్ 18న కాలిఫోర్నియాలోని రోజ్ బౌల్ స్టేడియంలో దాదాపు అరవై వేల మంది ముందు వాయించిన బ్యాండ్ ఇదే. అంత దూరం నుంచి ఏ వేలు ఏ మెట్టు మీద ఉందో ఎవరికీ కనబడదు. అప్పటికి గాన్ వేదిక ఒక చివర నుంచి ఇంకో చివరకు పరుగెత్తడం, గిరగిరా తిరగడం, రెండు చేతులూ ఎత్తి స్టేడియం మొత్తాన్ని ఊపడం నేర్చుకున్నాడు. కింది నుంచి లైటు పడే చోట కదలకుండా నిలబడ్డ కుర్రాడికి ఆ పని ఉండేది కాదు.

టేపు వాడినందుకు వాళ్లను తప్పుపట్టినవాళ్లు చాలామంది ఉన్నారు. కానీ తొలి ఏళ్లలో ఆ రీల్ టేపు యంత్రాన్ని వాళ్లు తెర వెనక దాచలేదు. వేదిక మీదే, రాక్ బ్యాండ్‌లో డ్రమ్మర్ కూర్చునే చోట పెట్టారు. పాట నడుస్తున్నంతసేపూ దాని రీళ్లు తిరగడం జనానికి కనిపించేది.